ఇంటి ముచ్చట్లు: కాలువ నిండుగానే ఉంది, తూమే చిన్నది



నిరుడు వేసవిలో మేమిద్దరమూ అమెరికాలో డల్లాస్ దగ్గర ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళి అయిదు నెలలు ఉండి వచ్చాము. ఆ ప్రయాణపు విశేషాలు కొన్ని లోగడ ఈ పేజీలో వ్రాశాము. వ్రాయకుండా దాచుకున్నది ఒకటుంది. మా మూలంగా ఆ ఇంట్లో పది రోజులపాటు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే తగ్గిపోయింది. దానికి కారణం అరచేతిలో పట్టేటంత చిన్న పెట్టె. బిడ్డలు విదేశాలలో ఉన్న పాఠకులు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య అటువంటి పెట్టె గురించే అడుగుతూ ఉత్తరాలు వ్రాశారు గనుక ఇప్పుడు దాచకుండా చెప్తాము.

మా అత్తగారికి 84 ఏళ్ళు. ఊళ్ళోనే ఉంటారు. తెర మీద వేలు పెట్టి జరిపే ఫోను ఆమెకు పట్టుబడదు. చేతులు వణుకుతాయి, ఒకటి నొక్కబోతే ఇంకొకటి నొక్కుకుపోతుంది. పెద్ద పెద్ద అంకెలున్న బొత్తాముల ఫోను మోగితే మాత్రం తీసి మాట్లాడగలరు. రోజుకొకసారి కూతురి గొంతు వినకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఆ సంగతి తెలిసిన మా అబ్బాయి, మేము వెళ్ళిన వారానికే ఒక ఇంటర్నెట్ ఫోను అడాప్టరు కొని తెచ్చాడు. ఒక వైపు ఇంటర్నెట్ తీగ, ఇంకొక వైపు మామూలు టెలిఫోను తగిలిస్తే చాలు. నెలకు ఇంతని కడితే ఇండియాకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పెట్టెతో వచ్చిన కాగితంలో బొమ్మ వేసి చూపించినట్టే అబ్బాయి తీగలు తగిలించాడు. మొదటి రోజే మా అత్తగారి గొంతు పక్కింట్లోంచి పలికినట్టు వినిపించింది. మా ఆనందానికి హద్దు లేదు.

మూడో రోజు నుండి ఇంట్లో ఇబ్బంది మొదలైంది. అబ్బాయి ఇంటి నుండే పని చేస్తాడు. అక్కడ రాత్రి తొమ్మిది గంటలకు, అంటే ఇక్కడ ఉదయం ఏడున్నరకు, హైదరాబాదు ఆఫీసు వాళ్ళతో మీటింగు ఉంటుంది. ఆ మీటింగులో అవతలి వాళ్ళు వీడికి కాస్త ఆగి ఆగి అయినా కనబడుతున్నారు గాని, వీడి బొమ్మ మాత్రం వాళ్ళకు నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోతున్నదట. మనుమరాలు బడి పాఠం పంపబోతే తిరుగుతూనే ఉంటుంది, పోదు. కోడలు ఫోటోలు పంపబోయినా అంతే. మా అత్తగారు కాఫీ తాగి తీరిగ్గా కూర్చునేది ఏడున్నరకే గనుక మేము ఫోను చేసేదీ సరిగ్గా ఆ వేళకే. ఇక చెప్పేదేముంది? నేరం మా మాటల మీదకు వచ్చింది.

ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. "అత్తయ్యా, ఇంకెంతసేపు మాట్లాడతారు?" అని కోడలు ఒక్కసారి మెల్లగా అడిగింది. అంతే. ఆ ఒక్క మాట మాకు గుచ్చుకుంది. పరాయి దేశం వచ్చి పిల్లల ఉద్యోగానికి అడ్డు పడుతున్నామే అనిపించింది. మరునాటి నుండి అయిదు నిమిషాలలో ముగించడం మొదలుపెట్టాము. తరువాత రెండు రోజులు ఫోనే చేయలేదు. ఊళ్ళో మా అత్తగారు, "ఏమైంది? ఒంట్లో బాగా లేదా?" అని చుట్టుపక్కల వాళ్ళందరినీ అడిగారట.

ఇంటర్నెట్ కంపెనీకి అబ్బాయి రెండుసార్లు ఫోను చేశాడు. వాళ్ళు తమ వైపు అంతా సరిగ్గానే ఉన్నదని చెప్పి, ఇంకా ఎక్కువ వేగం ఉండే పథకానికి మారమని సలహా ఇచ్చారు. నెలకు ఇంకొంత డబ్బు. అబ్బాయి సరే అనబోతుండగా మేము ఒక్క మాట అడిగాము. "ఒరే, రెండు రోజులుగా మేము ఫోను ముట్టనే లేదు గదా, ఈ రెండు రోజులూ నీ మీటింగు బాగా జరిగిందా?"

వాడు ఆలోచించి, "లేదు నాన్నా, అలాగే ఉంది" అన్నాడు.

అయితే దోషం మాటలది కాదు. ఫోను పెట్టేసి ఉన్నా నెమ్మదిగానే ఉన్నదంటే కారణం ఇంకెక్కడో ఉన్నది.

మాది గోదావరి కాలువ కింద ఊరు. చేలోకి నీరు రాకపోతే ముందు కాలువలో నీరు ఉన్నదో లేదో చూస్తాము. కాలువ నిండుగా ఉంటే గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చి తూము దగ్గర ఆగుతాము. తూము చిన్నదైనా, దానికి తుక్కు అడ్డు పడినా, పై కాలువ ఎంత పారితే ఏమి ప్రయోజనం? కంప్యూటరు విద్య మాకు రాదు గాని గట్టు వెంట నడవడం వచ్చు. ఆ శనివారం ఉదయం అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "గోడలోంచి వచ్చిన తీగ ముందు ఎక్కడికి పోతోంది? అక్కడి నుండి ఎక్కడికి?" అని వేలితో పట్టుకుని చూపించమన్నాము.

గోడలోంచి వచ్చిన తీగ మోడెములోకి పోయింది. మోడెము నుండి కొత్తగా తెచ్చిన ఫోను పెట్టెలోకి పోయింది. ఆ పెట్టె నుండి రౌటరుకు, రౌటరు నుండి ఇంట్లో వాళ్ళందరికీ. కంప్యూటర్లు, టీవీ, పిల్లల పలకలు, అన్నిటి నీరూ ఆ అరచేతి పెట్టెలోంచే పారుతున్నదన్నమాట. దాని కరెంటు ప్లగ్గు తీసి చూశాము. ఇంట్లో నెట్టంతా ఆగిపోయింది. తూము ఎక్కడున్నదో తెలిసిపోయింది.

ఇక కొలత. ఊరికే అనుకోవడం కంటే కొలిచి కాగితం మీద వ్రాసుకోవడం మంచిది. వైఫై మీద కొలిస్తే గోడల వల్ల, దూరం వల్ల లెక్క మారిపోతుంది గనుక కంప్యూటరుకు తీగ తగిలించి కొలిచాము. వాళ్ళు కట్టే డబ్బుకు కిందికి వచ్చే వేగం 300 ఎంబీపీఎస్, పైకి పంపే వేగం 20 ఎంబీపీఎస్ రావాలి. పెట్టె మధ్యలో ఉండగా వచ్చినది కిందికి 23, పైకి 0.38. పెట్టెను తప్పించి మోడెముకే నేరుగా కంప్యూటరు తగిలించి కొలిస్తే కిందికి 291, పైకి 19. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కేబుల్ మోడెములు చాలావరకు తమకు మొదట తగిలించిన యంత్రాన్నే గుర్తుపెట్టుకుంటాయి. తీగ మార్చిన తరువాత మోడెము కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టాలి. అది తెలియక మొదటిసారి నెట్టే రాలేదని కంగారు పడ్డాము.

ఒక్క మాట మాట్లాడితే ఇంత వేగం తినేస్తుందా అని మీరు అడగవచ్చు. తినదు. ఫోను మాటలకు ఎక్కువగా వాడే పద్ధతిలో గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు పడుతుంది. దాన్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి, ప్రతి కట్ట మీదా చిరునామా వ్రాసి పంపాలి గనుక ఆ బరువుతో కలిపి పోవడానికి 90, రావడానికి 90 వరకు అవుతుంది. 300 ఎంబీపీఎస్ అంటే 3 లక్షల కిలోబిట్లు. చెరువులోంచి చెంబుడు నీళ్ళు ముంచుకున్నట్టు. ఇంట్లో అందరూ మా మాటలను అనుమానించారు గాని ఆ లెక్క ఎవరూ వేయలేదు.

మరి పెట్టె ఏమి చేసింది? అబ్బాయి కంప్యూటరులో ఆ పెట్టె తాలూకు పేజీ తెరిచి చూశాడు. అందులో "పైకి పంపే హద్దు" అని ఒక గడి ఉన్నది. దానిలో 384 కిలోబిట్లు అని వేసి ఉన్నది. అదీ సంగతి. ఇంటికి 20,000 కిలోబిట్ల దారి ఉండగా ఈ పెట్టె దానిని 384 దగ్గర బిగించి కూర్చున్నది. అవతలి వాళ్ళు వీడికి కనబడుతూ, వీడు వాళ్ళకు కనబడకపోవడానికి కారణం అదే. బొమ్మ రావడానికి దారి ఉన్నది, పోవడానికి లేదు.

పైకి పోయే దారి ఇరుకైతే కిందికి వచ్చేది ఎందుకు తగ్గాలి? రిజిస్టరు ఉత్తరం అందుకున్నవాడు రసీదు కార్డు మీద సంతకం చేసి పంపినట్టు, నెట్టులో వచ్చిన కట్టలకు "అందినవి" అని ఎప్పటికప్పుడు తిరుగు కబురు పోవాలి. ఆ కబురు వెళ్ళేదాకా అవతలివాడు తరువాతి కట్టలు పంపడానికి వెనుకాడతాడు. రసీదులకు దారి ఇరుకైపోయింది గనుక 300 రావలసిన చోట 23 దగ్గర ఆగిపోయింది.

ఆ హద్దు పెట్టినవాడు తెలివి తక్కువవాడేమీ కాదు. 2000 తరువాతి మొదటి సంవత్సరాలలో ఇటువంటి పెట్టెలు అమెరికా ఇళ్ళలోకి రావడం మొదలైనప్పుడు, చాలా ఇళ్ళలో పైకి పంపే వేగమే 128 నుండి 384 కిలోబిట్ల వరకు ఉండేది. అందులో 90 మాటకే కావాలి. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు పంపుతుంటే గొంతు తెగిపోయేది. కాబట్టి పెట్టెను అందరి కంటే ముందు పెట్టి, ముందు మాటను పోనిచ్చి తరువాత మిగతావి వదిలేటట్టు ఏర్పాటు చేశారు. ఆ రోజులకు అది మంచి సలహా. కాలువ పెద్దదైపోయినా కాగితం మీద బొమ్మ మారలేదు. బొమ్మ చూసి తగిలించిన మా అబ్బాయిదీ తప్పు కాదు.

తీగల వరుస మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మోడెము నుండి తీగను నేరుగా రౌటరుకు ఇచ్చాము. రౌటరుకు వెనుక ఉన్న నాలుగు రంధ్రాలలో ఒకదానికి ఫోను పెట్టెను తగిలించాము. పెట్టెకు కంప్యూటరు కోసం ఉన్న రెండో రంధ్రాన్ని ఖాళీగా వదిలేశాము. ఇప్పుడు ఆ పెట్టె గుమ్మంలో అడ్డంగా కూర్చోక, లోపల అందరితో పాటు ఒక మూల కూర్చున్నది. మోడెమూ, రౌటరూ, పెట్టే ఆ వరుసలోనే ఒకదాని తరువాత ఒకటి కరెంటు పెట్టాము. కొలిస్తే కిందికి 289, పైకి 19. ఫోను ఎప్పటిలాగే పలికింది. కొత్త పథకమూ అక్కరలేదు, కొత్త యంత్రమూ అక్కరలేదు.

ఆ రాత్రి తొమ్మిదికి అబ్బాయి తన గదిలో మీటింగులో ఉండగానే మేము హాలులో అత్తగారితో నలభై నిమిషాలు మాట్లాడాము. ఆమె మమ్మల్ని బాగా చీవాట్లు పెట్టారు. "ఫోను చేయకపోతే చేయకపోయారు, కారణం చెప్పవద్దా?" అన్నారు. మేము ఫోను పెట్టేసరికి కోడలు టీ తెచ్చి ఇచ్చి, "అమ్మమ్మగారు బాగున్నారా అత్తయ్యా?" అని అడిగింది. రేపు తానూ మాట్లాడతానన్నది.

వారం తరువాత ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. మనుమరాలు పెద్ద వీడియో పంపుతున్న సమయంలో అత్తగారికి మా మాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. పైకి పోయే దారి వీడియోతో నిండిపోతే మాట వెనుక వరుసలో నిలబడి ఆలస్యమవుతుంది. దానికీ మందు ఉన్నది. అబ్బాయి రౌటరులోనే ఫోను పెట్టెకు మొదటి వరుస ఇచ్చి, మొత్తం పైకి పంపే వేగాన్ని అసలు వేగం కంటే ఒక పిసరు తగ్గించి వ్రాశాడు. రౌటరుకు లెక్క సరిగ్గా చెప్తే అది సరిగ్గానే పంచుతుంది. పాత పెట్టె చేయబోయిన పనీ ఇదే, కాకపోతే దానికి చెప్పిన లెక్క పాతది.

ఇటువంటి ఇబ్బంది మీ బిడ్డల ఇంట్లోనో, మీ ఇంట్లోనో వస్తే చూసుకోవలసినవి ఒక వరుసలో వ్రాస్తున్నాము. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగు ఒక్కసారే మార్చితే ఏది బాగు చేసిందో, ఏది చెరిపిందో తెలియదు.

మొదట, కొత్తది తగిలించక ముందు వేగం ఎంత, తరువాత ఎంత అన్నది తీగ మీద కొలిచి వ్రాసుకోండి. కిందికి వచ్చేదీ పైకి పోయేదీ రెండూ వ్రాయండి. చాలామంది మొదటి దానిని చూసి రెండో దానిని వదిలేస్తారు.

రెండవది, తీగ వెంట నడవండి. కొత్త యంత్రం అందరి దారిలో అడ్డంగా ఉన్నదా, పక్కన ఉన్నదా చూడండి. దాని ప్లగ్గు తీస్తే ఇంటి నెట్టంతా ఆగిపోతే అడ్డంగా ఉన్నట్టే.

మూడవది, తప్పనిసరిగా అదే ముందు ఉండాలంటే దానిలోని పైకి పంపే హద్దు ఎంత ఉన్నదో చూసి మీ అసలు వేగానికి తగినట్టు సరిచేయండి. అయినా పూర్తి వేగం రాకపోవచ్చు. ఇటువంటి పెట్టెలలో చాలా వాటి రంధ్రాలు 100 ఎంబీపీఎస్ వరకే పనిచేస్తాయి. వాటిలోంచి 95 దాటి రాదు. లోపలి యంత్రం బలహీనమైతే అంత కూడా రాదు.

నాలుగవది, తీగను చూడండి. నెట్టు తీగలో 8 సన్నని తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్ పోవడానికి 4 చాలు, 1,000 పోవడానికి ఎనిమిదీ కావాలి. ఎలుక కొరికినా, తలుపు కింద నలిగినా, ఒక్కటి తెగితే వేగం ఠక్కున 100 దగ్గరకు పడిపోవచ్చు. వేగం ఎప్పుడు కొలిచినా 94, 95 దగ్గరే నిలబడిపోతే ముందు తీగను అనుమానించండి.

అయిదవది, తీగ మీద వేగం బాగుండి, ఫోను మాట్లాడుతున్నంతసేపు వైఫై మాత్రమే నెమ్మదిస్తే, దోషం పెట్టెది కాదు, తీగ లేని టెలిఫోనుది. అక్కడ మాకు పరిచయమైన ఒక తెలుగు కుటుంబంలో ఇలాగే జరిగింది. అటకమీది పాత కార్డ్‌లెస్ ఫోను తీసి పెట్టెకు తగిలించారు. అది 2.4 గిగాహెర్ట్జ్ గాలితరంగాల మీద పనిచేసే పాతకాలపుది. వైఫై కూడా ఆ తరంగాలనే వాడుతుంది గనుక రెండూ ఒకదాని మీద ఒకటి అరుచుకున్నాయి. అమెరికాలో ఇప్పుడు అమ్మే డెక్ట్ 6.0 ఫోనులు 1.9 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి గనుక ఆ తగాదా లేదు. వాళ్ళు ఫోను మార్చుకున్నారు, బాగైపోయింది.

వేగం గురించి ఇంకొక చిన్న మాట. 100 ఎంబీపీఎస్ అన్నది బిట్ల లెక్క. మనం ఫైలు దించుకునేటప్పుడు కనబడేది బైట్ల లెక్క. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ పథకంలో సెకనుకు 12 మెగాబైట్లు వస్తే ఎవరూ మోసం చేయలేదు. సరిగ్గానే వస్తున్నట్టు.

మన ఊళ్ళలో ఇప్పుడు ఫైబరు వచ్చింది. ఫైబరు కనెక్షన్‌తో ఇచ్చే పెట్టెలోనే చాలావరకు టెలిఫోను రంధ్రం ఉంటుంది. మీ కంపెనీ ఫోను సదుపాయం కూడా ఇస్తుంటే మామూలు ఫోను అందులోనే పెట్టుకోవచ్చు. వేరే పెట్టె అక్కరలేదు. అయితే మన ఇళ్ళలో వేరొక తూము తయారవుతున్నది. వెనుక గదికి వైఫై అందడం లేదని, ఎప్పుడో మూలన పడేసిన పాత రౌటరును తీసి ఫైబరు పెట్టెకు తగిలించి, అందరూ దాని వైఫైనే పట్టుకుంటారు. అది కూడా 100 రంధ్రాలదైతే 300 కట్టి 90 వాడుకున్నట్టు. రెండు పెట్టెలూ ఎవరికి వారే ఇంట్లో చిరునామాలు పంచడం మొదలుపెడితే ప్రింటరు ఒకరికి కనబడుతుంది, ఇంకొకరికి కనబడదు. ఒక్క పెట్టెనే చిరునామాలు పంచనివ్వండి.

చివరిగా రెండు జాగ్రత్తలు. ఇవి వేగం కంటే ముఖ్యం. ఇంటర్నెట్ ఫోను కరెంటు పోతే మూగబోతుంది. పాత రోజుల రాగి తీగ టెలిఫోనుకు ఎక్స్చేంజి నుండే కరెంటు వచ్చేది గనుక ఇల్లంతా చీకటైనా అది పలికేది. ఇప్పుడు మోడెముకూ, రౌటరుకూ, పెట్టెకూ మూడింటికీ చిన్న బ్యాటరీ ఆసరా ఉంటేనే పలుకుతుంది. రెండవది, అమెరికాలో ఆపద వేళ 911 నొక్కితే సహాయం వచ్చేది, పెట్టె కొన్నప్పుడు వ్రాయించిన చిరునామాకు. ఇల్లు మారి చిరునామా మార్చకపోతే బండి పాత ఇంటికి పోతుంది. బిడ్డల దగ్గరకు వెళ్ళి ఉండే పెద్దవారు ఈ ఒక్కటి తప్పకుండా అడిగి తెలుసుకోండి. మేము అడిగితే మా అబ్బాయి చూశాడు. రెండేళ్ళ క్రితం ఖాళీ చేసిన ఇంటి చిరునామానే అందులో ఉన్నది. అప్పటికప్పుడు మార్పించాము.

ఆ పెట్టె ఇప్పటికీ ఆ ఇంట్లోనే, రౌటరు పక్కన మూల ఉన్నది. మేము వచ్చేశాక దానితో పని లేదనుకున్నాము. కాని ఆదివారం పూట కోడలే దాని మీద నంబరు తిప్పి మా అత్తగారితో మాట్లాడుతుంటుందట. ఊళ్ళో ఆ బొత్తాముల ఫోను మోగగానే ఎవరో ఆమెకు తెలిసిపోతుంది.

మీ ఇంట్లో ఇటువంటి చిక్కు ఏదైనా ఉంటే, తీగలు ఏ వరుసలో ఉన్నవో ఒక బొమ్మ గీసి, కొలిచిన వేగం పక్కన వ్రాసి మాకు పంపండి. చేతనైనంత చెప్తాము. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.